రెండు మాటలే నేర్చిన యంత్రం

అటకమీది కంప్యూటరు ఇనుప పెట్టెను పాత సామాన్లవాడికి ఇచ్చివేయమని నా భార్య మూడు వారాలుగా చెబుతూ ఉంది. ఆమె కోరికలో తప్పేమీ లేదు. అరచేతిలో పట్టేంత కొత్త సర్వరొకటి ఈ మధ్యనే మా కూర్మన్నపాలెం ఇంటికి వచ్చింది. ఇంటిల్లిపాది ఫోటోలూ, నేను పోగుచేసుకొన్న పాత పుస్తకాల ప్రతులూ, మరుగున పడిన తెలుగు మాటల కోసం తీరిక వేళల్లో కట్టుకొంటున్న చిన్న వెబ్‌సైటూ అన్నీ అందులోనే కాపురముంటాయి. దాన్నీ అటకమీదే పెట్టాను, పక్కన బ్యాటరీ పెట్టుకోవడానికి చోటు కావలసి వచ్చింది. అంచేత ఒక ఉదయం నిచ్చెన వేసుకొని పెట్టెను దింపాను. మరలు ఉప్పుగాలికి తుప్పుపట్టి ఒక పట్టాన కదలలేదు. కొబ్బరినూనె చుక్కలు వేసి, కాసేపు నానబెట్టి, మెల్లగా తిప్పి మూత ఎత్తాను. లోపల ప్రతి పలక మీదా, ప్రతి తీగ మీదా మఖమలు పరిచినట్టు నల్లటి దుమ్ము పేరుకొని ఉంది. రేవులో గుట్టలు పోసిన బొగ్గూ ఖనిజమూ గాలికి లేచి ఇళ్ళలోకి వచ్చే దుమ్ము అది. గాలి పీల్చుకొనే రంధ్రానికి అడ్డంగా ఊరగాయ జాడీలకు కట్టే పలచని గుడ్డ ఇంకా అలాగే కట్టి ఉంది. ఆ ముడి మా అమ్మ వేసింది. వేలు తగిలిస్తే దారపు పోగులు పొడిగా రాలిపోయాయి గాని ముడి మాత్రం విడలేదు.

హార్డ్‌డిస్కును ఊడదీసి బల్లమీద పెట్టుకొని రెండు రోజులు దాని జోలికి వెళ్ళలేదు. కొత్త సర్వరుకు తగిలించి చదవడం పది నిమిషాల పని. దాంట్లో ఏమున్నదో నాకు తెలుసు. ఎంత ఉన్నదో తెలియదు. ఆ ఎంత అన్నదానికి భయపడే ఇన్నేళ్ళూ, మూడు ఇళ్ళు మారినా, ఈ పెట్టెను నా వెంట మోసుకొని తిరుగుతూ వచ్చాను. పారవేసే ధైర్యమూ, తెరిచే ధైర్యమూ లేనివాడు చేసే పని అదే.

అప్పట్లో మేము మల్కాపురంలో ఉండేవాళ్ళం. నాన్న రేవులో క్రేను నడిపేవాడు. ఆయన షిఫ్టు మారినప్పుడల్లా ఇంటి వేళలన్నీ మారిపోయేవి. ఒక వారం పొద్దున్నే పులుసు కాగేది, ఒక వారం మధ్యాహ్నం దాటితేగాని పొయ్యి మీదికి ఏదీ ఎక్కేది కాదు. ఎప్పటికీ మారనిది అమ్మ దులపడం ఒక్కటే. తెల్లవారగానే తడిగుడ్డ తీసుకొని కిటికీ చువ్వలతో మొదలుపెట్టి, తాత మంచం కోళ్ళ దాకా ఒక్కొక్కటీ తుడిచేది. బకెట్టులో నీళ్ళు సిరాలాగా నల్లబడేవి. మధ్యాహ్నానికి మళ్ళీ అంతా మామూలే. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. చమురు శుద్ధిచేసే కర్మాగారపు గొట్టం మీద మంట పగలనక రేయనక వెలుగుతూ ఉండేది. గాలి ఇటు తిరిగిన రోజున కుళ్ళిన గుడ్డు వాసన అన్నం ముద్దలోకి కూడా వచ్చేది. మంట ఒక్కసారిగా పెద్దదైనప్పుడు తాత తల ఎత్తి కిటికీలోంచి చూసి, చదువుతున్న పుస్తకంలో వేలు పెట్టుకొని కాసేపు ఆగేవాడు. మేమందరమూ ఆగేవాళ్ళం. అది మళ్ళీ తగ్గాక ఎవరి పనిలో వారు పడేవారు. దేనికోసమో చెవులు రిక్కించి బ్రతకడం ఆ పేటలో ఊపిరి తీయడమంత సహజంగా ఉండేది.

తాత తెలుగు మేస్టారుగా చేసి పదవీ విరమణ పొందినవాడు. విజయనగరం పక్క పల్లెలో దున్నుకొని బ్రతికే కుటుంబంలో పుట్టి, పశువులు కాసుకొంటూ కావ్యాలు చదివి, ఆ చదువుతోనే కొలువు సంపాదించినవాడు. నాకు అక్షరాలు ఆయనే నేర్పాడు. పదేళ్ళు నిండేసరికి గణవిభజన చేయించాడు. పద్యం తప్పుగా చదివితే కొట్టేవాడు కాదు. విననట్టు మొహం తిప్పుకొనేవాడు. దానికన్నా దెబ్బే నయమనిపించేది. నేను ఇంజనీరింగు చదివి, కంప్యూటరు ఉద్యోగంలో చేరినా, సాయంకాలాలు ఆయన ముందు కూర్చొని రెండు పద్యాలు ఒప్పజెప్పడం మానలేదు. భాష మీద భక్తి ఆయన నుంచి వచ్చింది. యంత్రాల మీది భక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేను.

ఒక ఆఫీసువాళ్ళు పనికిరాదని పక్కన పడేసిన కంప్యూటరును రిక్షాలో వేసుకొని ఇంటికి తెచ్చాను. టెలిఫోను తీగ వెంట ఎడతెగకుండా ఇంటర్నెట్టు ఇవ్వడం మా వీధిలో అప్పుడప్పుడే మొదలైంది. ఆ పెట్టెను సర్వరుగా మార్చి, లోకంలో ఎక్కణ్ణుంచైనా మా ముందుగదిలోని పేజీ తెరుచుకొనేటట్టు చేయాలని నా పట్టుదల. కరెంటు పోయినప్పుడు ఆగిపోకుండా పాత లారీ బ్యాటరీ ఒకటి తగిలించాను. ఇల్లంతటిలో చల్లని చోటు తాత మంచం కిందే గనుక దాన్ని అక్కడ పెట్టాను. ఆయన మొదట విసుక్కొన్నాడు. తరువాత ఆ రొద లేకపోతే నిద్ర పట్టడం లేదన్నాడు. దుమ్ముకు పెట్టె లోపలి ఫ్యాను మూడుసార్లు పట్టేసిన మీదట అమ్మ జాడీగుడ్డ కట్టింది. వారానికొకసారి విప్పి, ఉతికి, ఆరవేసి మళ్ళీ కట్టేది. ఊరగాయకు పట్టే శ్రద్ధే దానికీ పట్టింది.

మా ఇంటికి యారాడ నుంచి పోలమ్మ చేపలు తెచ్చేది. గంప దించి, కొంగుతో మొహం తుడుచుకొని, బేరానికి ముందు అమ్మతో పది మాటలు చెప్పేది. ఆమె భర్త ఎర్రయ్య చిన్న మోటారు బిగించిన తెప్ప మీద వేటకు పోయేవాడు. ఎర్రయ్య తమ్ముడు నూకరాజు నాతో కాలేజీలో చదివి, రేవు ఆఫీసులో గుమాస్తాగా చేరాడు. నన్ను బావా అని పిలిచేవాడు. మా ఇద్దరికీ చుట్టరికమేమీ లేదు. ఈ ప్రాంతంలో స్నేహం ముదిరితే ఆ పిలుపు దానంతటదే వస్తుంది. ఒకనాడు గాలి రేగింది. ఊళ్ళో ఏ తెప్ప వచ్చిందో ఏది రాలేదో తెలియక యారాడ ఒడ్డున ఆడవాళ్ళందరూ పడిన అవస్థ నూకరాజు వచ్చి చెప్పాడు. నా బుర్రలో దీపం వెలిగింది. తెప్పల పేర్లన్నీ ఒక పేజీలో పెట్టి, ఏది సముద్రంలో ఉన్నదో ఏది వచ్చిందో చూపిస్తే సరిపోదా? నూకరాజు ఆఫీసులో కంప్యూటరు ఉంది. వాడు చూసి, యారాడ టీకొట్టుకు ఫోను చేసి చెప్పగలడు.

సమాచారం యంత్రానికి ఎలా చేరాలన్నది ప్రశ్న. తెప్ప మీద ప్లాస్టిక్కు సంచిలో చుట్టిన చిన్న ఫోను ఒక్కటే ఉంటుంది. అక్షరాలు కొట్టి సందేశం పంపే అలవాటు వాళ్ళకు లేదు. మిస్డ్ కాలు మాత్రం అందరికీ తెలుసు. పైసా ఖర్చు లేకుండా మాట చేరవేసే ఉపాయంగా ఆ రోజుల్లో ఊరంతా దానితోనే నడిచేది. పాలవాడికి ఒక రింగు, అత్తవారింటికి రెండు రింగులు. ఏ ఇంటికి ఆ ఇంటి నిఘంటువు ఉండేది. నేను ఒక పాత మొబైలును తీగతో సర్వరుకు కలిపాను. అది ఫోను ఎత్తదు. ఎవరి నంబరు నుంచి రింగు వచ్చిందో చూసి రాసుకొంటుంది. ఒడ్డున ఉన్న తెప్ప నుంచి మిస్డ్ కాలు వస్తే ఆ తెప్ప బయలుదేరినట్టు. బయలుదేరిన తెప్ప నుంచి వస్తే తిరిగి చేరినట్టు. ఇంతే. ఒక సాయంత్రం కూర్చొని రాసిన ప్రోగ్రాము అది. అంత చిన్నదిగా, అంత పొందికగా వచ్చినందుకు పద్యం కుదిరినంత ఆనందపడ్డాను.

పేజీని నూకరాజు తన వదినకు చూపించడానికి మా ఇంటికే తీసుకొచ్చాడు. పోలమ్మకు చదువు రాదు. వాడు చదివి వినిపించాడు. 'వెళ్ళింది' అన్న మాట దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎల్లింది అనకు బాబూ. మాం ఆ మాటనం. నీటి మీద ఉందని ఎట్టు."

అవును, వేటకు పోయేవాణ్ణి ఎక్కడికని అడగరు, పోయాడని చెప్పరు. ఆ మాట మార్చాను. పేజీలో ఇక రెండే మాటలు మిగిలాయి. నీటి మీద, ఒడ్డున. ఆ మరునాడు ఎర్రయ్య స్వయంగా వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, నంబరు తన ఫోనులో ఎక్కించుకొని, మంచం కిందికి వంగి ఆ పెట్టెను చాలాసేపు చూశాడు. ఫోను చేస్తే ఎవులెత్తుతారని అడిగాడు. ఎవరూ ఎత్తరు, ఎత్తనక్కరలేదు, మీరు రింగు ఇస్తే చాలు, నేను చూసుకొంటానని చెప్పాను. నేను చూసుకొంటాను అన్న ఆ మాటను ఎంత తేలిగ్గా అన్నానో నాకిప్పటికీ గుర్తు. ఒక చేత్తో మరలు బిగిస్తూ, అతని మొహం వైపైనా చూడకుండా అన్నాను.

తాత ఆ సంగతంతా మంచం మీద నుంచి విన్నాడు. సాయంత్రం పద్యాలు అయ్యాక, నీ పెట్టెకు ఎన్ని మాటలు నేర్పావురా అని అడిగాడు. రెండని గొప్పగా చెప్పాను. ఛందస్సులో మాత్రం ఉన్నవి లఘువూ గురువూ రెండే కదా తాతా, ఆ రెంటితోనే కావ్యాలన్నీ నిలబడలేదా అన్నాను. ఆయన పుస్తకంలో వేలు పెట్టుకొని కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల మంట పెరిగి తగ్గింది.

"లఘువూ గురువూ కాయితం మీదరా. చదివేవాడికి గొంతుంటుంది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో గొంతు చెబుతుంది. దీనికి గొంతేదీ?"

ముసలివారి చాదస్తమని మనసులో అనుకొని లేచి వెళ్ళాను.

నెల తిరిగేసరికి యారాడలో పదకొండు తెప్పలవాళ్ళు ఆ పద్ధతికి అలవాటు పడ్డారు. పొద్దున ఒడ్డు వదిలేటప్పుడు ఒక రింగు, ఇసుక మీద తెప్ప లాగాక ఒక రింగు. నూకరాజు ఆఫీసులో గంటకొకసారి పేజీ తెరిచేవాడు. ఒడ్డున అల మరీ ఎత్తుగా ఉన్ననాడు కొందరు యారాడలో దిగక చేపలరేవుకు చేరుకొనేవారు. అలాంటప్పుడు ఇంటివాళ్ళకు పేజీయే దిక్కు. అయితే ఒకసారి ఇలా జరిగింది. తెప్ప ఇసుక మీద ఎండుతూ ఉండగానే పేజీలో మాత్రం అది నీటి మీద ఉంది. ఆ ఇంటాయన ఇంకెవరికో చేయబోయిన మిస్డ్ కాలు పొరపాటున మా నంబరుకు చేశాడట. నూకరాజు పగలబడి నవ్వాడు. తెప్పకు రెక్కలొచ్చాయి బావా అన్నాడు. నేనూ నవ్వాను. నొక్కేటప్పుడు చూసుకొని నొక్కమనమని చెప్పి పంపాను. తప్పు నొక్కినవాడిదనీ, యంత్రం తనకు చెప్పిన ప్రకారమే చేసిందనీ అప్పుడు నా నిశ్చయం. ఎండలో ఉన్న తెప్ప నీటి మీద కనిపిస్తే నవ్వులాట. అదే తప్పు తిరగబడితే ఏమవుతుందన్న ఆలోచన నా తలకు రాలేదు.

ఆ రోజు పొద్దున గాలే లేదు. రేవులో నిలిచిన ఓడల పొగ నిలువునా లేచింది. దుమ్ము కూడా లేవలేదని అమ్మ ఆశ్చర్యపడింది. తుడిచిన గుడ్డ తెల్లగానే ఉంది చూడమని నాకు చూపించింది. శుభసూచకమని ఆమె అనుకొంది. తాత మాత్రం ఆకాశం వైపు చూసి పుస్తకం మూసివేశాడు. ఎర్రయ్యతో రోజూ పోయే జతగాడికి జ్వరం తగిలిందట. ఒక్కడే వేటకు దిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఈశాన్యం నుంచి గాలి విసురుగా లేచింది. నేను ఊళ్ళో ఆఫీసులో ఉన్నాను. కిటికీ అద్దాలు అదురుతూ ఉంటే నాకు భయం కలగలేదు, సిగ్గువిడిచి చెబుతున్నాను, ఉత్సాహం కలిగింది. నా పేజీకి తగిన రోజు వచ్చిందనుకొన్నాను.

మూడు గంటల వేళ నూకరాజు ఫోను చేశాడు. తొమ్మిది తెప్పలు ఒడ్డున ఉన్నాయి, రెండు నీటి మీద ఉన్నాయి, అన్న ఒడ్డున ఉన్నాడన్నాడు. వాడి గొంతులో గొప్ప తేలిక. వెంటనే యారాడ టీకొట్టుకు కబురు చెప్పాడు. అక్కడి పెద్దలు రెండు పెద్ద మోటారు పడవలను ఆ రెండు తెప్పల కోసం పంపారు. పొద్దు వాలక ముందే రెంటినీ లాక్కొని వచ్చారు. నలుగురు మనుషులు బ్రతికి బయటపడ్డారు. ఎర్రయ్య తెప్ప ఇసుక మీద కనిపించలేదు గాని ఎవరూ గాభరా పడలేదు. మరి రెండు తెప్పలు కూడా అల భయానికి చేపలరేవులోనే దిగాయి. ఎర్రయ్యా అక్కడే ఉంటాడనుకొన్నారు. ఒడ్డుకు చేరిందన్న తెప్పను మళ్ళీ ఎవరు చూస్తారు? నూకరాజు పేజీ మూసివేశాడు. నేనూ చూడలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, నలుగురి ప్రాణాలు దక్కిన సంగతి తాతకు చెప్పాను. మంచిదన్నాడు. పద్యం అడగలేదు.

మర్నాడు పొద్దున నూకరాజు చేపలరేవంతా వెదికాడు. మూడో రోజున తెప్ప చెక్కలు దక్షిణాన అప్పికొండ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

నూకరాజు మా ఇంటికి వచ్చినప్పుడు నేను పెట్టె ముందే కూర్చొని ఉన్నాను. పేజీలో ఆ పేరుకెదురుగా ఒడ్డున అన్న మాట పచ్చరంగులో వెలుగుతూ ఉంది. నీటి మీద నుంచి మిస్డ్ కాలు వస్తే తప్ప ఆ మాట రాదు. అంటే అతడు ఫోను చేశాడు. ఎందుకు చేశాడో చెప్పడానికి నాకు యంత్రం అక్కరలేదు. అలల మీద సిగ్నలు ఒక్క రింగు దాకానే నిలిచేదని మాకందరికీ తెలుసు. అతడు మాట్లాడదామని చేసినది కూడా ఒక్క రింగుతో తెగి, మిస్డ్ కాలై, నా దగ్గరకు చేరి, తిరిగొచ్చాడన్న వార్తగా మారింది. సర్వరు తనకు వచ్చిన ప్రతి కాలునూ వేళతో సహా రాసుకొనే చిట్టా ఒకటి అందులోనే ఉంది. ఒక్క మీట నొక్కితే తెరుచుకొంటుంది. నేను నొక్కలేదు.

నూకరాజు గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"ఒడ్డున ఉన్నాడని ఎలాగ సెప్పింది బావా అది?"

"దుమ్ము పట్టేసిందిరా. లోపల పాడైపోయింది. రెండు రోజులుగా సరిగ్గా పనిచెయ్యడం లేదు."

అబద్ధం అంత సులువుగా నోట వచ్చింది. వాడు వంగి పెట్టె వైపు చూశాడు. అప్పుడే అమ్మ ఉతికి కట్టిన జాడీగుడ్డ తెల్లగా మెరుస్తూ ఉంది. వాడు ఆ గుడ్డను చూశాడు, నన్ను చూశాడు, వెళ్ళిపోయాడు. ఆ తరువాత రేవు దగ్గర ఎదురుపడినప్పుడు సారూ అని పలకరించాడు. నన్ను మళ్ళీ బావా అని పిలవలేదు.

సర్వరు ఆపివేశాను. ఆ రొద ఆగిపోగానే ఇంట్లో ఒక రకమైన నిశ్శబ్దం అలముకొంది. ఎవరో లేచి వెళ్ళిపోయినట్టు అనిపించేది. దుమ్మునెందుకురా ఆడిపోసుకొంటావని తాత ఒక్కసారి అన్నాడు, అంతే. మరునాడు తన మంచాన్ని వెనక గదిలోకి వేయించుకొన్నాడు. అక్కడ ఉక్క, గాలి ఆడదు. ఎంత బతిమాలినా తిరిగి రాలేదు. ఆయన పోయేదాకా నా చేత పద్యాలు చెప్పించుకొంటూనే ఉన్నాడు గాని, విననట్టు మొహం తిప్పుకొనే పాత అలవాటు నేను తప్పు చదవకపోయినా కనిపించేది. పోలమ్మ మల్కాపురానికి చేపలు తేవడం మానుకొంది. ఆమెకు ఏం చెప్పారో, ఆమె ఏమనుకొన్నదో నేను కనుక్కోలేదు.

ఈ ఏళ్ళన్నిటిలో ఉద్యోగరీత్యా ఎన్నో వెబ్‌సైట్లు కట్టాను. నేను కట్టిన ప్రతి పేజీలోనూ అవును, కాదు అన్న రెంటితో పాటు తెలియదు అన్న మూడో మాట ఉండేది. తోటివాళ్ళకు అది చాదస్తంగా తోచేది. తెలియదని చూపిస్తే చూసేవాడు కంగారు పడతాడు సార్ అనేవారు. కంగారు పడనీయండి అనేవాణ్ణి. కారణం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు తెప్పల మీద దారి చూపే పరికరాలున్నాయి, ప్రతి చేతిలోనూ మాటా బొమ్మా మోసే ఫోనుంది. అయినా సందేశం చేరిందని రెండు గీతలు కనబడగానే మనిషి క్షేమమని మనసు నిబ్బరపడుతుంది. చేరింది సందేశమే కదా, మనిషి ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. ఆనాడు పదకొండు తెప్పలకు నేను చేసిన పనిని ఈనాడు లోకమంతా ఒకరికొకరు చేసుకొంటున్నారని తోచినప్పుడు, చేతిలోని ఫోనును బోర్లించి పెడతాను.

పెట్టె దింపిన మూడో రోజున హార్డ్‌డిస్కును కొత్త సర్వరుకు తగిలించాను. ఆనాటి చిట్టా చెక్కు చెదరలేదు. తెల్లవారుజామున ఒక కాలు, నీటి మీద. మధ్యాహ్నం రెండుంబావుకు, గాలి లేచాక మొదటిది, ఒడ్డున. వెనువెంటనే రెండోది, నీటి మీద. మరో నిమిషానికి మూడోది, ఒడ్డున. ఆ మాట చూసే నూకరాజు ఊరికి కబురు చేశాడు. ఆ తరువాత ఇంకా నాలుగు. నీటి మీద, ఒడ్డున, నీటి మీద, ఒడ్డున. చివరిది దీపాలు పెట్టే వేళకు. తెల్లవారుజాముది కాక మొత్తం ఏడు. మూడు గంటలకు ముందు ఒక్క కాలు ఎక్కువో తక్కువో చేసి ఉంటే మోటారు పడవలు అతని కోసం కూడా కదిలేవి. ఏడుసార్లూ ఆ నంబరు వెనక నేనున్నానని నమ్మి చేశాడు. నేను చూసుకొంటానని చెప్పినవాణ్ణి నేనే గదా.

గాజువాక మీదుగా, సింధియా కూడలి దాటి, కొండ ఎక్కి దిగి యారాడకు వెళ్ళాను. పోలమ్మ ఇల్లు అడిగితే చూపించారు. అరుగు మీద కూర్చొని ఎండుచేపలు ఏరుతోంది. జుట్టంతా తెల్లబడింది. నేనెవరో చెప్పాను. మేస్టారు మనవడివా అని కూర్చోమంది. తాగడానికి నీళ్ళిచ్చింది. తిరిగి చేపల ముందు కూర్చొంది. నేను చెప్పవలసినదంతా చెప్పాను. దుమ్ము కాదనీ, యంత్రం పాడవలేదనీ, అతడు ఏడుసార్లు ఫోను చేశాడనీ, చిట్టా తెరవకుండా దాచినది నేనేననీ చెప్పాను. ఆమె చేతులు ఏరుతూనే ఉన్నాయి. చాలాసేపటికి ఆగాయి.

"ఏడా బాబూ? మా ఇంటికి మూడొచ్చినాయి."

నాకు అర్థం కాలేదు. ఆమె నా వైపు చూడకుండా, తలుపు వెనక ఉన్న పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.

"ఒక రింగిత్తే ఒడ్డెక్కినాను, ఎసరెట్టు అని. అది మా ఇద్దరి గురుతు. మొదట్ది రాగానే ఎసరెట్టేను. రెండోది రాగానే బియ్యం పోసేను. మూడోదానికి, ఆకలేసినట్టుంది, తొందర సేత్తన్నాడు అని నవ్వుకున్నాను. నూకరాజు మరి ఒడ్డునే ఉన్నాడన్నాడు గదా."

చేతిలోని చేపను పక్కన పెట్టి మళ్ళీ అంది.

"మీ పెట్టి పాడైపోనాదని అన్నారు గదా. మరి నాకు రింగులొచ్చినాయి గదా, నాను తిరిగి సెయ్యనేదు గదా. నా తప్పే అనుకున్నాను బాబూ ఇన్నాళ్ళూ. ఎవులికీ సెప్పనేదు."

నేను ఒక అబద్ధంతో నన్ను కాపాడుకొన్నానని అనుకొంటూ వచ్చాను. ఆ అబద్ధం నా భారాన్ని తీసుకెళ్ళి ఎవరి నెత్తిన పెట్టిందో ఆ అరుగు మీద తెలిసింది. క్షమించమని అడిగే నోరు రాలేదు. ఆమె తిట్టనూ లేదు, ఓదార్చనూ లేదు. చివరి కాలు ఏ టయానికని మాత్రం అడిగింది. దీపాలు పెట్టే వేళకని చెప్పాను. ఆమె పెదవులు కదిలాయి. ఏదో లెక్క చూసుకొంటున్నట్టు.

"అన్నం సల్లారిపోతందని మూతెట్టేను అప్పుడు."

అంతలో ఆమె నడుముకు దోపుకొన్న చిన్న ఫోను ఒక్క రింగు మోగి ఆగింది. పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. ఒడిలోని చేపలు అరుగంతా చెదిరాయి. ఆ నంబరుకే తిరిగి ఫోను చేసి చెవికి ఆనించుకొంది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది. ఏ నంబరు నుంచి వచ్చినా ఇంతేనని, ఎత్తేదాకా వదలదని, అలికిడికి వచ్చిన పక్కింటావిడ నా చెవిలో చెప్పింది. నాలుగోసారికి అవతల ఎవరో పలికారు. తప్పు నంబరన్నారు కాబోలు.

"పరవానేదు గానీ బాబూ," అంది పోలమ్మ సముద్రం వైపు తిరిగి, "ఒడ్డునే ఉన్నావు గదా?"